ముక్కు మీద ‘తొండం’తో మూడు వారాలు: నుదుటి ఫ్లాప్ ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా నాన్న ముక్కు కొన మీద మినపగింజంత పొక్కు ఒకటి రెండేళ్లు అలాగే ఉండిపోయింది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నప్పుడల్లా చిన్న రక్తపు చుక్క, దాని మీద పక్కు, పక్కు ఊడితే మళ్లీ చుక్క. చివరికి బయాప్సీ చేయిస్తే బేసల్ సెల్ కార్సినోమా అన్నారు. పేరు వినగానే అందరికీ కాళ్లు వణికాయి కానీ, చర్మ క్యాన్సర్లలో ఇది నెమ్మది రకం. ఒళ్లంతా పాకడం చాలా అరుదు, ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది. దాన్ని తీసేశాక రూపాయి బిళ్లంత గుంట మిగిలింది. ఆ గుంటని నుదుటి చర్మం తెచ్చి పూడ్చారు. అలా తెచ్చిన చర్మపు ముక్కనే ఫ్లాప్ అంటారు.

ఆపరేషన్ మర్నాడు అమ్మ వార్డులోకి వచ్చి, నాన్న మొహం చూసి, గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. కనుబొమ దగ్గర మొదలై ముక్కు కొన దాకా వేలంత లావు మాంసపు తొండం వేలాడుతోంది. ఆపరేషన్ ఎంతసేపు, ఖర్చెంత, ఎన్ని రోజులుండాలి, అన్నీ చెప్పారు. ఇలా కనిపిస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. కోసి కుట్టే పని సర్జన్‌ది, ఆ తర్వాత మూడు వారాల పని ఇంట్లోవాళ్లది. నేను డాక్టర్ని కాను. మీ సర్జన్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే సర్జన్ మాటే పట్టుకోండి.

ఆ తొండం ఎందుకో ముందు తెలుసుకోండి

మామిడి అంటు కట్టడం చూసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ఒక పద్ధతిలో తల్లిచెట్టు కొమ్మని తెంపకుండానే కుండీలో మొక్కకి చేర్చి కడతారు. రెండూ అతుక్కునేదాకా కొమ్మకి నీరు తల్లిచెట్టు నుంచే అందుతుంది. అతుక్కుందని తేలాకే తల్లి వైపు కోస్తారు. నుదుటి ఫ్లాప్ కూడా అంతే. కనుబొమ లోపలి చివర, నుదుటి నడిమి గీతకి ఇంచుమించు 2 సెంటీమీటర్ల పక్కన, సుప్రాట్రోక్లియర్ అనే సన్నటి ధమని పైకి వస్తుంది. ఆ ధమనిని కలుపుకుని నుదుటి చర్మాన్ని నిలువుగా లేపి, కిందికి తిప్పి ముక్కుకి కుడతారు. కనుబొమ దగ్గర మిగిలే కాడ వెడల్పు సెంటీమీటరున్నర లోపే ఉంటుంది. ముక్కు వైపు నుంచి కొత్త రక్తనాళాలు అల్లుకునేదాకా ఆ కొత్త చర్మానికి తిండీ నీళ్లూ అన్నీ ఆ కాడ నుంచే. అందుకు సుమారు మూడు వారాలు పడుతుంది. డాక్టర్లు దాన్ని పెడికిల్ అంటారు. మా వార్డులో అందరూ తొండం అనే అనేవారు, సిస్టర్లతో సహా.

‘తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతికిస్తే పోయేది కదా’ అని మా బాబాయి అడిగాడు. చిన్న, లోతులేని గుంటలకి అలా చేస్తారు కూడా. కానీ మృదులాస్థి బయటపడ్డ చోట పల్చటి చర్మం సరిగా పట్టదు. పట్టినా గుంటగానే ఉండిపోతుంది, రంగు కూడా కలవదు. ముక్కు చర్మానికి రంగులోనూ మందంలోనూ దగ్గరగా ఉండేది నుదురే. ముక్కుపుటం అంచు పోయి ఉంటే చెవి నుంచి చిన్న మృదులాస్థి ముక్క తీసి లోపల ఆధారంగా పెడతారు. కాబట్టి చెవి వెనక కుట్లు కనిపిస్తే కంగారు పడకండి.

ఈ విద్య మన దేశానిదే. చెంప చర్మంతో ముక్కు కట్టడం సుశ్రుత సంహితలో ఉంది. ముందు ఒక ఆకుని ముక్కు కొలతకి కత్తిరించుకోవాలని అందులో రాశారు. నుదుటి పద్ధతి ప్రపంచానికి తెలిసింది కవాస్జీ అనే బండి తోలే మనిషి వల్ల. 1792 యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం వెంట ఉన్న అతను టిప్పు సుల్తాన్ మనుషులకి చిక్కితే ముక్కు కోసేశారు. తర్వాత పుణె దగ్గర ఒక స్థానిక వైద్యుడు మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీసుకుని, ఆ చర్మంతోనే ముక్కు కట్టాడు. ఆ సంగతి 1794 అక్టోబరులో లండన్ పత్రిక ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో బొమ్మతో సహా వచ్చింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు. ఇప్పుడు ఆకూ మైనమూ లేవు గానీ కొలత తీసే తీరు మారలేదు. కుట్టుదారం వచ్చే ప్యాకెట్ రేకుని గుంట ఆకారానికి కత్తిరించి, అదే నుదుటి మీద పెట్టి గీస్తారు.

ఆపరేషన్‌కి ముందు

అన్నిటికన్నా ముందు పొగాకు మానాలి. చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా, ఏదైనా సరే. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని బిగించేస్తుంది. ఆ మూడు వారాలూ ఫ్లాప్ బతికేది సన్నటి రక్తనాళాల మీదే. కనీసం నాలుగు వారాల ముందు మానేసి, తొండం కోసి గాయం మానేదాకా ముట్టకూడదు. మా నాన్న ‘రోజుకి ఒక్క చుట్టే కదా’ అని బేరం పెట్టారు. సర్జన్ నవ్వుతూనే ఆపరేషన్ తేదీ నెల వెనక్కి జరిపారు. క్యాన్సర్ తొందరపెట్టే రకం కాదు కాబట్టి సరిపోయింది. మీ విషయంలో అలా కుదరకపోవచ్చు, ఇవాళే మానిపించండి. పొగ తాగింది దాచిపెట్టొద్దు, మీరు దాచినా ఫ్లాప్ చెప్పేస్తుంది.

రక్తం పల్చబడే మాత్రలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే మందుల చీటీ తీసుకెళ్లి చూపించండి. ఆపాలా, ఎప్పుడు ఆపాలి అన్నది సర్జనూ గుండె డాక్టరూ కలిసి తేల్చాలి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపేస్తే ముక్కు కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టు. ఆయుర్వేదం, హోమియో వాడుతున్నా చెప్పండి. షుగరుంటే మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించి అదుపులోకి తెచ్చుకోవాలి.

సర్జన్ని ఈ నాలుగూ అడగండి. చీటీ మీద రాసుకుని వెళ్లండి, లోపలికెళ్తే సగం మర్చిపోతాం.

ఒకటి, క్యాన్సర్ తీసిన అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చాకే ఫ్లాప్ వేస్తారా? అంచుల్లో క్యాన్సర్ మిగిలి ఉండగా పైన చర్మం కప్పేస్తే కింద పెరిగేది కనిపించదు. అందుకే కొందరు సర్జన్లు ముందు గడ్డ తీసి, డ్రెస్సింగ్‌తో పంపి, రిపోర్టు చూసుకుని వారం తర్వాత ఫ్లాప్ వేస్తారు. ముక్కు మీద గుంటతో ఒక వారం తిరగడం కష్టమే, అయినా ఆగడం మంచిది.

రెండు, మొత్తం ఎన్ని విడతలు? మామూలుగా రెండు. మూడు విడతల పద్ధతీ ఉంది. అందులో మూడు నాలుగు వారాలకి ఫ్లాప్‌ని లేపి కొవ్వు పల్చన చేసి మళ్లీ కుడతారు, తొండం కోసేది సుమారు ఆరు వారాలకి.

మూడు, గుంట చిన్నదైనా ముక్కు కొన మొత్తం చర్మం మారుస్తారా? ఇది విని భయపడొద్దు. ముక్కుని కొన, వంతెన, రెండు పక్కలు, పుటాలు ఇలా భాగాలుగా చూస్తారు. ఒక భాగంలో సగం కన్నా ఎక్కువ పోతే మిగిలిన మంచి చర్మం కూడా తీసి ఆ భాగం మొత్తం కొత్తగా వేస్తే, మచ్చ గీత సహజంగా ఉండే మడతల్లో దాక్కుంటుంది. బర్గెట్, మెనిక్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు 1985లో చెప్పిన సూత్రం ఇది.

నాలుగు, ఇదివరకు చేసిన వాళ్ల ఫోటోలు చూపిస్తారా? పేరూ ఊరూ చెప్పక్కర్లేదు, ఫోటో చాలు. మూడో రోజుదీ, మూడో వారందీ, ఏడాది తర్వాతదీ చూడండి. చూసింది ఇంటికొచ్చి అందరికీ చెప్పండి, ముఖ్యంగా పిల్లలకి. ‘తాతయ్యకి కొన్నాళ్లు ఏనుగు తొండం ఉంటుంది, ముట్టుకోకూడదు’ అంటే నాలుగేళ్ల పిల్ల భయపడలేదు, రోజూ వచ్చి పొడవు చూసుకునేది. చెప్పకుండా ఉంచిన పెద్దవాళ్లే దడుచుకున్నారు.

ఆరోగ్యశ్రీలో చేయించుకుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, రెండో విడతకి మళ్లీ అనుమతి పెట్టాలా, ఇందులోనే కలిసి ఉందా అని తేల్చుకోండి. మూడు వారాల తర్వాత కౌంటర్ దగ్గర నిలబడి తెలుసుకునే విషయం కాదిది.

మొదటి రెండు రోజులు

ఆసుపత్రిలో సిస్టర్లు గంట గంటకీ వచ్చి ఫ్లాప్ చూసి వెళ్తుంటారు. వాళ్లేం చూస్తున్నారో అడిగి నేర్చుకోండి, ఇంటికెళ్లాక ఆ పని మీదే. మాకు ఒక సిస్టర్ తన వేలితో చేసి చూపించింది. ముందు రంగు చూడాలి. తర్వాత వేలి వెనక వైపు ఆనించి వెచ్చదనం చూడాలి. ఆ తర్వాత వేలి కొనతో ఒక్క క్షణం మెల్లగా నొక్కి వదలాలి. నొక్కిన చోట తెల్లబడి, రెండు మూడు క్షణాల్లో మళ్లీ రంగు రావాలి. మీ గోరు మీద నొక్కి చూసుకోండి, ఎలా తెల్లబడి ఎలా తిరిగొస్తుందో తెలుస్తుంది.

పాలిపోయి, చల్లబడి, నొక్కి వదిలినా రంగు రాకపోతే రక్తం లోపలికి చేరడం లేదన్నమాట. ఉబ్బి, నేరేడుపండు రంగుకి తిరిగి, వేలు తీసిన మరుక్షణమే రంగొచ్చేస్తుంటే, వచ్చిన రక్తం బయటికి పోవడం లేదన్నమాట. ఎక్కువగా కనిపించేది రెండోదే. ఆలస్యమైతే రెండింటిలోనూ ఫ్లాప్ పోతుంది. రక్తం నిలిచిపోయిన ఫ్లాపుల మీద వైద్యానికి పెంచిన జలగల్ని వదిలే పద్ధతి ఇప్పటికీ ఉంది, వింటే నమ్మబుద్ధి కాదు.

చామనఛాయ, నలుపు రంగు వాళ్లలో తెల్లబడడం అంత తేటగా కనిపించదు. ట్యూబులైటు కింద అసలే తెలీదు. కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. రోజూ ఒకే చోట, ఒకే టైముకి, ఫ్లాష్ లేకుండా ఫోన్లో ఫోటో తీయండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కంటికి అందకపోయినా పక్కపక్కన ఫోటోలు పెడితే అందుతుంది. డాక్టరుకి ఫోన్ చేయాల్సొస్తే పంపడానికీ పనికొస్తుంది.

రెండో రోజుకి కళ్లు వాచి మూసుకుపోతాయి. అది మామూలే, మూడో నాలుగో రోజు నుంచి తగ్గుతుంది. వాపు తగ్గాలని ఐస్ మాత్రం పెట్టకండి, చల్లదనానికి ఫ్లాప్ రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఏసీ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా మంచం జరపండి.

ఇంటికొచ్చాక

పడుకున్నప్పుడు తల ఎత్తులో ఉండాలి. మూడు దిండ్లు, లేదా వాలు కుర్చీ. బోర్లా పడుకోకూడదు. పక్కకి తిరిగే అలవాటుంటే రెండు పక్కలా దిండ్లు అడ్డం పెట్టండి. ఒక రాత్రి మా నాన్న నిద్రలో దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. తొండం చివర ఒక కుట్టు లాగి రక్తం వచ్చింది, ఇంకేం కాలేదు, మా అదృష్టం. మర్నాటి నుంచి దుప్పటి కొసలు పరుపు కిందికి దోపేశాం.

తల మీంచి వేసుకునే బనియన్లు, టీషర్టులు తీసి బీరువాలో పెట్టేయండి. ముందు గుండీలున్న చొక్కాలే. ఆడవాళ్లకైతే ముందు తెరుచుకునే నైటీ. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు బాగా తెరిచి తుమ్మాలి. వంగి బరువులెత్తడం, మలబద్ధకంతో ముక్కడం కూడా వద్దు. మొహంలోకి రక్తం ఎగదన్నితే కుట్ల దగ్గర కారుతుంది.

కళ్లజోడు పెద్ద తలనొప్పి. ముక్కు వంతెన మీదుగానే తొండం దిగుతుంది కాబట్టి కళ్లజోడు దాన్ని నొక్కుతుంది. దారాలు కట్టి, ప్లాస్టర్లు వేసి మేం చాలా తిప్పలు పడ్డాం. చివరికి పేపర్ చదవడానికి చేత్తో పట్టుకునే భూతద్దం కొన్నాం, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేశాం. మూడు వారాలే కదా. మాస్కు కూడా అంతే. బయటికెళ్తే జనం చూస్తారని మాస్కు బిగించేవాళ్లున్నారు, అది ఫ్లాప్ గొంతు పిసకడమే. గొడుగు వేసుకుని వెళ్లండి.

తొండం వెనక వైపు చర్మం ఉండదు, పచ్చిగా ఉంటుంది. అక్కణ్నుంచి నాలుగైదు రోజులు ఎర్రటి నీరు ఊరుతుంది, దిండు గలీబు తడుస్తుంది. డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ పూసి, వాజెలిన్ గాజు గుడ్డ (వాజెలిన్ పట్టించిన పల్చటి కట్టు గుడ్డ) చుట్టూ వదులుగా వేయాలి. వదులుగా అంటే, మీ చిటికెన వేలికి చుట్టి చూస్తే గుర్తులు పడనంత వదులు. పాత గాజు గుడ్డ ఎండి అతుక్కుపోతే లాగకండి. సెలైన్ బొట్లు బొట్లుగా వేసి పది నిమిషాలు ఆగితే దానంతట అదే వస్తుంది. ఎండాకాలం, పల్లెటూరు అయితే ఈగల సంగతి మర్చిపోకండి. పచ్చి పుండు మీద ఈగ వాలితే పురుగులు పడతాయి. మేం పగలు కూడా దోమతెర వేసే ఉంచాం.

రక్తం కారితే కాఫీ పొడి, పసుపు, బూడిద వద్దు. నుదుటి గాయం నుంచైతే శుభ్రమైన గాజు గుడ్డతో పది నిమిషాలు తీయకుండా నొక్కి పట్టండి. తొండం నుంచైతే గట్టిగా నొక్కొద్దు, కట్టు బిగించొద్దు, మెత్తగా గాజు గుడ్డ ఆనించి ఆసుపత్రికి ఫోన్ చేయండి. నొప్పికి రాసిచ్చిన మాత్రే వేయండి. మెడికల్ షాపులో తోచిన నొప్పి మాత్ర కొనుక్కుంటే కొన్నిటి వల్ల రక్తస్రావం పెరుగుతుంది.

పత్యం గురించి మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. పప్పు తింటే చీము పడుతుందని మేనత్త పంతం. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేపలు, పెరుగు, ఏవి అలవాటైతే అవి. మొదటి వారం గట్టిగా నమలాల్సినవి తగ్గిస్తే చాలు.

పరామర్శకి వచ్చేవాళ్లని మొదటి పది రోజులు గుమ్మంలోనే ఆపండి. చెడ్డపేరు వస్తే రానివ్వండి.

నుదుటి పుండు సంగతి

గుంట పెద్దదైతే నుదుటి పైభాగం అంచులు ఒకదానికొకటి అందవు. అక్కడ కుట్టకుండా వదిలేస్తారు. కుట్లు వేయడం మర్చిపోయారేమోనని మేం సిస్టర్‌తో గొడవకి దిగాం. మర్చిపోలేదు, కావాలనే వదిలారు. అది లోపల్నుంచి పూడుకుంటూ చుట్టూ ముడుచుకుంటుంది. నెల పైనే పడుతుంది, మచ్చ మాత్రం అనుకున్నంత ఘోరంగా ఉండదు. చేయాల్సింది ఒక్కటే, దాన్ని ఎండనివ్వకండి. ‘గాలి తగిలితే ఆరిపోతుంది’ అనేది ఇక్కడ పనికిరాని సలహా. ఆయింట్‌మెంట్ తడి ఉంటేనే కొత్త చర్మం పాకుతుంది.

తెల్లారేదాకా ఆగకూడనివి

ఫ్లాప్ నల్లబడడం, నీలం తిరగడం, పాలిపోయి చల్లబడడం. పది నిమిషాలు నొక్కినా ఆగని రక్తం. జ్వరంతో పాటు చీము, దుర్వాసన. ఒక్కసారిగా పెరిగిన వాపు. చూపు మసకబారడం, కన్ను విపరీతంగా నొప్పి పుట్టడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా బయల్దేరండి. డిశ్చార్జ్ రోజునే డ్యూటీ డాక్టరు నంబరు తీసుకుని, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

ఇంకొకటి, దీనికి కంగారు అక్కర్లేదు. ముక్కు మీద ఫ్లాప్‌ని తాకితే కొందరికి నుదురు తాకినట్టుంటుంది. నుదుటి నరం కూడా కాడలో కలిసి వచ్చింది కదా, మెదడుకి ఇంకా పాత చిరునామానే తెలుసు. ముక్కు మీద ఈగ వాలితే మా నాన్న నుదురు తడుముకునేవారు.

తొండం కోసే రోజు, ఆ తర్వాత

కుట్లు వారం లోపే తీసేస్తారు. మూడు వారాలకి తొండం కోయడం పెద్ద ఆపరేషన్ కాదు. చాలాసార్లు ఆ చోటు వరకే మొద్దుబారేలా మత్తు ఇంజక్షన్ ఇచ్చి చేసి, సాయంత్రానికి పంపేస్తారు. కాడ మొదలుని కనుబొమ దగ్గర సర్ది కుట్టి, మిగిలింది తీసేస్తారు. కనుబొమలు రెండూ సమంగా వచ్చేలా చూడడమే అక్కడ పనితనం. షుగరున్నవాళ్లకీ పొగతాగినవాళ్లకీ సర్జన్ ఇంకో వారం ఆగమనవచ్చు. పెళ్లి ముహూర్తం ఉందని తొందర పెట్టకండి.

కోసిన రోజు అద్దంలో చూసుకుని నీరసపడతారు. ముక్కు కొన మీద బజ్జీ పెట్టినట్టు ఉబ్బుగా ఉంటుంది. అది అప్పటి రూపం, ఆఖరిది కాదు. వాపు దిగడానికి నెలలు పడుతుంది, మచ్చలు నెమ్మదించడానికి ఇంచుమించు ఏడాది. గాయం పూర్తిగా మానాక, డాక్టరు సరే అన్నాక, వేలితో మెల్లగా గుండ్రంగా రోజుకి రెండు మూడుసార్లు మర్దనా చేయండి. చాలామందికి సిలికాన్ జెల్ రాస్తారు. ఎండ తగిలితే మచ్చ నల్లబడుతుంది. కాబట్టి ఎస్‌పిఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, టోపీ, రెండూ కావాలి. పొలం వెళ్లే మనిషికి సన్‌స్క్రీన్ ఏంటని నాన్న ఎగతాళి చేశారు గానీ టోపీ మాత్రం పెట్టుకున్నారు. నాలుగు నెలలు దాటినా లావుగానే ఉంటే కొవ్వు పల్చన చేసే చిన్న ఆపరేషన్ ఉంటుంది, అవసరమైతేనే. క్యాన్సర్ వల్ల చేయించుకున్నవాళ్లు చెకప్‌లు మానకూడదు. ఒకసారి వచ్చినవాళ్లకి మొహం మీద ఇంకో చోట వచ్చే అవకాశం ఎక్కువ.

చివరగా వెంట్రుకలు. నుదురు చిన్నగా ఉన్నవాళ్లకి ఫ్లాప్ పై చివర జుట్టు మొదలయ్యే చోటు దాకా వెళ్తుంది. తిరగేసి కుట్టాక ఆ చివరే ముక్కు కొన అవుతుంది. అంటే ముక్కు మీద తల వెంట్రుకలు మొలుస్తాయి. లేజర్‌తో తీయించుకోవచ్చు, నల్ల వెంట్రుకలకి బాగా పనిచేస్తుంది, నెరిసినవాటికి అంతగా పనిచేయదు. మా నాన్నవి నెరిసినవి. ఆదివారం గడ్డం గీసుకున్నాక చిన్న కత్తెరతో ఆ నాలుగూ కత్తిరించుకుని, కళ్లజోడు పెట్టుకుని పేపర్ చదువుతారు.